రాజుగారి కమాను వణుకు

మా పెద్దిరాజుకి కచేరీ అంటే భయం. వయొలిన్ వాయించి బతికేవాడికి కచేరీ అంటే భయమేమిటని మీరడగొచ్చు. ఇరవై ఏళ్లుగా నేనూ అదే అడుగుతున్నాను. నేను మల్లేశాన్ని. పగలు ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో ఫైళ్లు ఈ టేబుల్ నుంచి ఆ టేబుల్‌కి తోస్తాను, సాయంత్రాలు మృదంగం వాయిస్తాను. రెండింట్లోనూ నాకు భయమన్నది లేదు. ఫైలు పోతే ఇంకోటి తెరుస్తారు. తాళం తప్పితే పాడేవాడి మీదికి తోసేస్తాను.

రాజుకి అలా తోసేసే సౌకర్యం లేదు, ఆఫీసూ లేదు. భీమవరం పక్కన చేపల చెరువులున్న కుటుంబంలో పుట్టి, చేపల వాసన పడక వయొలిన్ పట్టుకున్నాడట. బెజవాడలో నేర్చుకుని, ఒక నాట్యం టీచరమ్మ పిలిస్తే ఢిల్లీ వచ్చాడు. ఇక్కడ నాట్యం నేర్చుకునే పిల్లలకు కొదవ లేదు, వాళ్ల పక్కన కూచుని వాయించేవాళ్లకే కొదవ. అప్పటి నుంచి నాట్యాలకూ, పాట కచేరీలకూ, అప్పుడప్పుడూ పెళ్లిళ్లకూ వాయిస్తూ, ఢిల్లీని ఆనుకున్న ఘాజియాబాద్ ఇందిరాపురంలో తొమ్మిదో అంతస్తులో ఒక ఫ్లాటూ, ఛాయాదేవి అనే భార్యనూ, సహస్ర అనే కూతుర్నీ సంపాదించుకున్నాడు. మనిషి ఆరడుగులు. మీసం చూస్తే ఎవరైనా దారి ఇస్తారు. ఆ మీసం వెనక ఉన్న పిరికివాడి సంగతి మా ఇద్దరికే తెలుసనుకునేవాణ్ని.

కచేరీ రోజున పొద్దున్నుంచి అన్నం ముట్టడు. ఫిల్టర్ కాఫీ మీద ఫిల్టర్ కాఫీ తాగుతాడు. బాత్రూముకి వెళ్లి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. కారెక్కాక గ్యాస్ కట్టేశావా అని ఛాయాదేవికి ఫోను చేస్తాడు. ఆ గ్యాస్ మీద కాఫీ పెట్టింది తనే. ఇక వేదిక మీద అసలు కష్టం మొదలవుతుంది. వేగంగా వాయించేటప్పుడు ఏమీ ఉండదు. ఒక్క స్వరం మీద కమాను మెల్లగా లాగాల్సి వచ్చినప్పుడు చేయి వణుకుతుంది, స్వరమూ వణుకుతుంది. అది కావాలని ఊపిన గమకం అనుకుని తలలూపేవాళ్లు ఢిల్లీలో బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఇన్నాళ్లూ బండి నడిచింది.

నిరుడు అక్టోబరులో ఒక ప్రోగ్రాం ముందు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. వాళ్ల కాంప్లెక్స్‌లోనే క్లినిక్ నడిపే కిరణ్మయి అనే తెలుగు డాక్టరమ్మ దగ్గరికి మోసుకెళ్లాం. ఆవిడ ఈసీజీ తీసి, కాగితం అటూ ఇటూ చూసి, "మీ గుండె శుభ్రంగా ఉంది రాజుగారూ. మీరే దాన్ని పరుగెత్తిస్తున్నారు" అంది. కాఫీ తగ్గించమంది. వేళకు తినమంది, వేళకు పడుకోమంది, రోజూ నడవమంది. దానికీ తగ్గకపోతే మాట్లాడి నయం చేసేవాళ్లున్నారు, మందులున్నాయి, సిగ్గుపడాల్సిందేమీ లేదంది. చివర్లో ఊపిరి కసరత్తు ఒకటి నేర్పింది. నాలుగు అంకెలు పీల్చాలి, ఏడు అంకెలు ఆపాలి, ఎనిమిది అంకెలు వదలాలి.

మామూలు మనిషైతే పీల్చి వదిలేవాడు. రాజు అక్కడే ఆ మూడూ కూడి, "పంతొమ్మిది! ఎంత చిత్రమైన తాళం, మల్లేశం!" అన్నాడు. నేను అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

ఆ తర్వాత వచ్చిన నెల నా జీవితంలోకెల్లా విసుగు పుట్టించిన నెల. ఆరోగ్యం పట్టుకున్నవాడి పక్కన కూచోవడం కంటే జబ్బుపడటం సుఖం. కాఫీ పోయి జీలకర్ర నీళ్లు వచ్చాయి. నేను బ్రెడ్ పకోడా తింటుంటే నా వైపు జాలిగా చూసేవాడు. ఇక నడక సంగతి. పొద్దున్నే బయట నడవండని చెప్పేవాళ్లెవరూ నవంబరులో ఘాజియాబాద్‌కి వచ్చి ఉండరు. మొదటిరోజే ఆ పొగ గాలి మింగి దగ్గుకుంటూ తిరిగొచ్చి, మర్నాటి నుంచి కింద బేస్‌మెంట్ పార్కింగ్‌లో కార్ల మధ్య తిరగడం మొదలెట్టాడు. అలా తిరిగే ఆరడుగుల మనిషిని చూసి గార్డు, "సర్‌జీ, గాడీ నహీ మిల్ రహీ క్యా?" అని రోజూ కారు వెతికిపెట్టబోయేవాడు.

"ఏందయ్యా రాజూ గిదంతా? కాఫీ బంద్, పకోడీ బంద్. ఇగ బతుకుడెందుకు?" అన్నాను ఒకరోజు.

"నీకేంటి మల్లేశం, నువ్వు మొండిఘటానివి. రేపు మా సహస్ర కచేరీలో నా చెయ్యి వణకకూడదు. అంతే నా బాధ" అన్నాడు.

అదీ అసలు సంగతి. సహస్ర పదకొండో తరగతి. చిన్నప్పటి నుంచి అనంతరామయ్యగారి దగ్గర పాట నేర్చుకుంటోంది. ఆయన అకౌంట్స్ సర్వీసులో రిటైరై, డెబ్బై దాటినా ఢిల్లీ తెలుగు సంఘాలన్నింట్లోనూ పాడుతున్న పెద్దమనిషి. ఫిబ్రవరిలో ఢిల్లీ సాకేత్‌లో ఆ పిల్ల మొదటి కచేరీ అని ఆయన ముహూర్తం పెట్టేశారు. ఆ పిల్ల పుట్టిన రోజునే రాజు నాకు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, "దీని మొదటి కచేరీకి వయొలిన్ నేనే" అన్నాడు. పేరు పెట్టడానికి ముందే పక్కవాద్యం ఖాయమైన పిల్ల అది.

ఈలోగా డిసెంబరులో ఇందిరాపురం కమ్యూనిటీ హాల్లో అనంతరామయ్యగారి కచేరీ వచ్చింది. నేను మృదంగం, రాజు వయొలిన్, వెనక తంబురా మీద సహస్ర. పెద్ద కీర్తన అయ్యాక పాటా వయొలినూ ఆగిపోయి మృదంగానికి వదిలేస్తారు. దాన్ని తని ఆవర్తనం అంటారు, శ్రోతలు కాళ్లు చాపుకోవడానికి లేచేది అప్పుడే. నేను నా లెక్కలన్నీ వాయించుకుని చివర్న ముక్తాయింపు దించగానే గాయకుడు పల్లవిని సరిగ్గా దాని చోట ఎత్తుకోవాలి. అనంతరామయ్యగారికి నా లెక్కలు అందవు. అందుకని ఏళ్ల తరబడి ఆయన నన్ను వినడం మానేసి, రాజు తొడ మీద పడే చేతిని చూస్తూ తాళం వేస్తారు. రాజు చెయ్యి గడియారం కంటే నమ్మకమైనది. ఆ రోజు వరకూ.

తని నడుస్తోంది. నా చేతులు మంచి ఊపు మీదున్నాయి. రాజుకి మాత్రం తర్వాత పల్లవి తప్పుతుందేమోనని గుండె దడ మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు గుర్తొచ్చి అక్కడే, వేదిక మీదే, మొదలుపెట్టాడు. చేత్తో ఎనిమిది అక్షరాల ఆదితాళం, ముక్కుతో పంతొమ్మిది. ఊపిరి బిగబట్టినప్పుడల్లా చెయ్యి కూడా తొడ మీద బిగుసుకుని ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తోంది. ఆ చెయ్యి ఆగితే అనంతరామయ్యగారి చెయ్యీ ఆగుతోంది. కళ్లు మూసుకుని వాయిస్తున్న నేను ఇదేదీ చూడలేదు.

ముక్తాయింపు ముమ్మారు తిప్పి దించాను. దించిన చోట పల్లవి లేదు. పెద్దాయన వేలు గాలిలో ఉంది, రాజు బుగ్గలు పొంగి ఉన్నాయి. కాసేపటికి పెద్దాయన పల్లవి ఎత్తుకున్నారు, అక్కడ తాళం లేదు. కంగారుపడి రాజు ఊపిరంతా ఒక్కసారి వదిలి ఇంకోచోట కమాను దించాడు. హాల్లో ముందు వరసలో కూచున్న పిల్లవాడు కూడా నవ్వాడు. సహస్ర తంబురా మీద తల వాల్చేసింది. ఇరవై ఏళ్లలో నా తనికి అంత దిక్కుమాలిన ముగింపు ఎన్నడూ రాలేదు. గ్రీన్ రూములో రాజుని నేనన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంటికి అందరం రాజు కారులోనే బయల్దేరాం. నేను మృదంగం ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో, నా పక్కన సహస్ర. సిగ్నల్ దగ్గర కారాగాక ఆ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే, "నాన్నా, మేరే కాన్సర్ట్ మే ఆప్ మత్ బజానా. ప్లీజ్" అంది. తన కచేరీలో తండ్రి వాయించొద్దట.

రాజు అద్దంలోంచి కూడా చూడలేదు. "అలాగేనమ్మా" అన్నాడు. పచ్చలైటు పడినా బండి కదిలించలేదు. వెనకవాళ్లు హారన్లు మోగించాక కదిలాడు. నా కోపం అక్కడే దిగిపోయింది. తాళం తప్పించినందుకు ఒక మనిషికి అంత పెద్ద శిక్ష ఎక్కువే అనిపించింది.

అనంతరామయ్యగారు కూడా శిష్యురాలి పక్షమే. ఆ చేతిని నమ్మి మోసపోయింది ఆయనేగా. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ వయొలిన్ వాయించే సుధీంద్ర అనే కుర్రాణ్ని ఖాయం చేశారు. చెయ్యి వణకడం అంటే ఏమిటో ఆ కుర్రాడికి తెలియదు.

రాజు మళ్లీ కిరణ్మయిగారి దగ్గరికి వెళ్లాడు, ఈసారి నేను కూడా వెళ్లాను, కసరత్తు నేర్పినావిడని కడిగెయ్యాలని. జరిగింది విని ఆవిడ ముందు పగలబడి నవ్వింది. "స్టేజీ మీద చెయ్యమని నేనెప్పుడు చెప్పానండీ? పడుకునే ముందు ఇంట్లో చేసుకోమన్నాను" అంది. తర్వాత నవ్వు ఆపి, "మీకు భయమని ఇంట్లో వాళ్లకి ఎప్పుడైనా నోటితో చెప్పారా?" అని అడిగింది.

"ఛ, అదెలా చెబుతాను, ఆయ్? కూతురికి ధైర్యం చెప్పాల్సినవాణ్ని కదండీ."

"దాచుకోవడానికే సగం బలం పోతోంది మీకు. చెప్పండి. నడక, నిద్ర, తిండి మానొద్దు. అంకెలు మానేయండి" అంది. ఆవిణ్ని కడిగెయ్యడానికి నాకేమీ దొరకలేదు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర చెప్పాడు. నేనూ ఉన్నాను. ఛాయాదేవిగారి గుత్తివంకాయ ఉన్నచోట నేను ఉండటం మామూలే. రాజు గొంతు సవరించుకుని, మీసం దువ్వుకుని, "మీకొకటి చెప్పాలి. నాకు కచేరీ అంటే చాలా భయం. చేతులు వణుకుతాయి. రాత్రి నిద్ర పట్టదు" అన్నాడు.

"పెళ్లైన వారానికే తెలుసండీ అది. ఇంకేవైనా ఉంటే చెప్పండి, పులుసు వెయ్యనా?" అంది ఛాయాదేవి.

సహస్ర మాత్రం చెయ్యి ఆపి తండ్రి మొహంలోకి చూసింది. గబగబా తినేసి లోపలికెళ్లింది.

చెప్పేసినందువల్ల రాజు మారిపోయాడని అబద్ధం రాయను. జనవరి అంతా ఆ పార్కింగ్‌లో నడిచాడు, ఇప్పుడు అంకెల్లేకుండా, కూనిరాగం తీస్తూ. గార్డు కారు వెతకడం మానేసి తనకు నచ్చిన పాటలడగడం మొదలెట్టాడు. కాఫీ ఒక్క కప్పుకి తగ్గించి, ఆ ఒక్కటీ మధ్యాహ్నంలోపే తాగేవాడు. ప్రోగ్రాం రోజున పెరుగన్నం తిని బయల్దేరేవాడు. నిద్రకి ముందు ఫోను వంటింట్లో పెట్టేసేవాడు. భయం మాత్రం వస్తూనే ఉంది. కాకపోతే మునుపు మూడురోజుల ముందు వచ్చేది, ఇప్పుడు కచేరీకి గంట ముందు వస్తోంది. "అద్దెకున్నవాడు గెస్టయ్యాడు" అనేవాడు. కచేరీకి బయల్దేరుతూ, "నాకు దడగా ఉంది, పద" అని నాతో మామూలుగా అనేవాడు, వాన పడుతోంది అన్నట్టు. నేనూ నా పకోడాల్లో ఒకటి తగ్గించాను, కానీ అది అతనికి చెప్పలేదు.

ఇంట్లో సహస్ర రోజూ సాధన చేస్తుంటే పక్కన వయొలిన్ పట్టుకుని కూచునేది రాజే. కచేరీకి వద్దంది గానీ సాధనకి వద్దనలేదు కదా. జనవరి చివర్న సుధీంద్ర రిహార్సల్‌కి వచ్చాడు. అద్భుతంగా వాయించాడు, నేనే నోరు తెరిచాను. కానీ ఆ పిల్ల ఒక సంగతి, రాగంలో ఒక చిన్న మలుపు, మెల్లగా వేస్తే అతను దాని మీద పది సంగతులు కురిపించాడు. మధ్యలో ఆఫీసు కాల్ వస్తే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకునే వాయించాడు. అతను వెళ్లాక సహస్ర నన్ను బాల్కనీలోకి లాక్కెళ్లి, "అంకుల్, వో సున్‌తే హీ నహీ. నాన్న అయితే సున్‌తే హై" అంది.

అతను వినడట, వాళ్ల నాన్నే వింటాడట. నిజమే. భయపడేవాడికి చెవులెక్కువ. తప్పుతుందేమోనన్న దడలో రాజు పాడేవాళ్ల పెదవుల మీద నుంచి చూపు తిప్పడు, వాళ్లు ఊపిరి పీల్చే తీరుని బట్టి తర్వాత స్వరం కనిపెడతాడు. అందుకే అన్ని వణుకుల మధ్యా ఢిల్లీలో గాయకులు అతన్నే అడుగుతారు.

"గా ముచ్చట నాకెందుకు బిడ్డా? మీ నాన్నకే చెప్పు" అన్నాను.

చెప్పింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "నాన్నా, ఆప్ హీ బజావో. గురువుగారికి నేను చెప్తా. లేకిన్ స్టేజ్ పే నో బ్రీదింగ్" అంది. రాజు అప్పుడు చిక్కుళ్లు ఈనెలు తీస్తున్నాడు. సరేనని తలూపి ఈనెలు గిన్నెలోనూ చిక్కుళ్లు చెత్తబుట్టలోనూ వేశాడు.

సాకేత్‌లో హాలు చిన్నదే, కానీ నిండింది. ముందు వరస మధ్యలో అనంతరామయ్యగారు, పక్కన ఛాయాదేవి. రాజు పెరుగన్నం తిని వచ్చాడు. "దడగా ఉంది" అని నాకు చెప్పి, కమాను తీగల మీద జారకుండా రజనం రాసుకుని కూచున్నాడు. సహస్ర పొద్దున్నుంచీ ఏమీ తినలేదట, ఆకలి లేదంది. పట్టుచీర కొంగు వేళ్లకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. కుర్రపిల్ల కదా, సరదా అనుకున్నాను.

మొదటి రెండు కీర్తనలూ హాయిగా సాగాయి. తర్వాత కాంభోజి రాగాలాపన. ఆలాపనలో మృదంగానికి పని లేదు. పాడేవాళ్లు ఒక సంగతి పాడి ఆగుతారు. వయొలిన్ దాన్ని నీడలా అందుకుని చివరి స్వరం పట్టుకుని ఉంటుంది. ఆ స్వరం మీద నుంచే వాళ్లు మళ్లీ మొదలుపెడతారు. సహస్ర మెట్టు మెట్టుగా ఎక్కి పై షడ్జం మీద నిలిచి, ఆగింది. రాజు షడ్జం పట్టుకున్నాడు. సహస్ర మళ్లీ ఎత్తుకోవాలి.

ఎత్తుకోలేదు. నోరు తెరిచింది, స్వరం రాలేదు, మూసుకుంది. మొహం పాలిపోయింది. చూపు ఎక్కడో గోడ మీద ఉంది. ముందు వరసలో ఛాయాదేవి లేవబోయి మళ్లీ కూచుంది.

ఇలాంటప్పుడు తెలివైన వయొలిన్‌వాడు తనే ఒక నాలుగు సంగతులు వాయించి కాలక్షేపం చేస్తాడు. చప్పట్లు కూడా కొట్టించుకుంటాడు. పాడేవాళ్లు తడబడ్డారన్నది జనం మరిచిపోతారు. పాడే పిల్లకి మాత్రం తను ఎక్కడుందో ఇక దొరకదు. రాజు అది చేయలేదు. ఆ ఒక్క షడ్జాన్నే పట్టుకున్నాడు. కమాను మెల్లగా, చాలా మెల్లగా లాగాడు. చెయ్యి వణికింది. స్వరం వణికింది. మైకులోంచి హాలంతా వినపడింది, అది గమకమని ఎంత మంచివాడూ అనుకోలేడు. కమాను చివరికొచ్చింది. తిప్పి మళ్లీ లాగాడు. మళ్లీ వణికింది. దాచడానికి ప్రయత్నం కూడా చేయలేదు. కూతురి మొహం మీది నుంచి చూపు తిప్పలేదు. నా జన్మలో అంత చెడ్డ షడ్జం వినలేదు, అంత మంచిదీ వినలేదు.

సహస్ర మెల్లగా తల తిప్పి ఆ చేతి వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఆ వణుకుతున్న షడ్జం మీదే తన షడ్జం పెట్టింది. అదీ వణికింది. రెండూ కలిసి కాసేపు వణికాయి. ఆ తర్వాత నిషాదం మీదికి దిగి, కాంభోజిలో పడింది. ఇక ఆగలేదు. చివర్న తనిలో నేనేం వాయించానో నాకే సరిగా గుర్తులేదు. పల్లవి మాత్రం ముగ్గురం ఒక్కచోటే ఎత్తుకున్నాం.

గ్రీన్ రూములోకి రాగానే అభినందించేవాళ్లని ఛాయాదేవి గుమ్మం దగ్గరే ఆపింది. సహస్ర చాప మీద కూలబడింది. ఇంట్లో ఎప్పుడూ సగం హిందీలోనే బదులిచ్చే పిల్ల, మాటలు వెతుక్కుంటూ తెలుగులో మొదలుపెట్టింది.

"నాన్నా, నీ చెయ్యి చాలా వణికింది."

"అవునమ్మా. అందరికీ వినపడిపోయింది" అన్నాడు రాజు.

"నాకు కూడా అంతే. కడుపులో, చేతుల్లో. స్కూల్లో వైవా అంటే, గురువుగారి ముందు పాడితే, రోజూ. నిద్ర రాదు. నువ్వు పక్కన కూచుంటే, నిన్ను చూసి నాది అందరికీ తెలిసిపోతుందనుకున్నా. అందుకే నిన్ను వద్దన్నా."

రాజు మీసం కదిలింది. "ఎప్పటి నుంచి తల్లీ?"

"చిన్నప్పటి నుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు కూడా మొన్నేగా చెప్పావు" అంది ఆ పిల్ల.

రాజు ఆ పక్కనే చాప మీద కూచున్నాడు. "పదహారేళ్లుగా నీ ఒక్కో స్వరం విన్నాను. ఇదొక్కటీ వినలేదు" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులూ వణుకుతూనే ఉన్నాయి. హాలు మూసేయాలి, త్వరగా ఖాళీ చేయండని బయట ఎవరో తలుపు బాదుతుంటే, జరసేపు ఆగుమని నేనే గట్టిగా అరిచాను.